నేల మీద అనకూడని మాటలు

రన్వాకు ఒక జబ్బు ఉంది. తప్పు కనిపిస్తే వదలదు. మా తెర్నువిక్ ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఆమె వింటుండగా ఎవరూ పక్షుల పేర్లు, వానల పేర్లు తొందరపడి అనరు.

ఆమె ఉద్యోగం సాల్మన్ చేపలకు మేత వేయడం. ఒడ్డున ఒక గది, గదిలో తెరలు, తెరల మీద నీళ్లలో దించిన కెమెరాలు చూపించే చేపలు. అవి మేతకు ఎగబడితే పెంచుతుంది, మొహం మొత్తితే తగ్గిస్తుంది. చేపల తెరల పక్కన ఇంకో తెర ఉంటుంది, అందులో ఇంటర్నెట్ నిఘంటువు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మన ఫారో దీవుల మాట ఒకటి రాసి, దానికి డేనిష్‌లో, ఐస్‌లాండిక్‌లో, ఇంగ్లీషులో, జర్మన్‌లో సరిపోయే మాటలు చేర్చి, ఆ మాట ఎక్కడ దొరికిందో ఆధారం చూపాలి. పైసా రాదు. దేశదేశాల్లో ఇలాంటి పిచ్చివాళ్లు కొన్ని వేలమంది ఉన్నారట.

వేసవిలో కొండ నడుముకు మాత్రమే చుట్టుకుని, శిఖరాన్నీ ఊరినీ వదిలేసే పొగమంచుకు మనకొక మాట ఉంది కదా. దానికి జర్మన్ మాట దొరక్క రన్వా ఆ గడిని చలికాలమంతా ఖాళీగా వదిలేసింది. దగ్గర మాట ఉంది కదా, అదే పెట్టెయ్యమని ఎవరో జర్మన్ పెద్దమనిషి బతిమాలాడు. దగ్గర మాట కూడా తప్పు మాటే అని ఈమె జవాబు రాసింది. తెలియనిది ఖాళీగా ఉంచాలి, అంతే. ఆమె శాస్త్రమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

"చేపలకు మేత వేస్తావు, లోకానికి మాటలు వడ్డిస్తావు. ఇంటికొస్తే నాకు మాత్రం నిన్నటి బంగాళాదుంపలు," అంటాడు ఆమె మొగుడు త్రోందుర్. అతనిది దూరపు వేట. గ్రీన్‌లాండ్ పక్కన గాలపు తాళ్లు వేసే ఓడలో పని. వెళితే వారాల తరబడి ఉప్పునీళ్ల మీదే ఉంటాడు, సిగ్నలు దొరికినప్పుడు ఫోన్ చేస్తాడు.

"నిన్నటివైనా ఉన్నాయి, సంతోషించవయ్యా," అంటుంది ఆమె.

ఆ చలికాలం చివర నిఘంటువులో కొత్త పేజీ ఒకటి కనిపించింది. పైన 'తెర్నువిక్ జాలర్ల సముద్రపు మాటలు' అని ఉంది. రన్వా చేపల సంగతి మరిచి దాన్ని తెరిచింది.

ఆ మాటల సంగతి చెప్పాలి. మా ఊళ్లో తెడ్ల పడవ గులకరాళ్లు వదిలి నీళ్లలోకి జారిందంటే, కత్తిని కత్తి అనకూడదు. పిల్లిని పిల్లి అనకూడదు, చర్చి పంతుల్ని పంతులు అనకూడదు. వాటికి వేరే పేర్లున్నాయి. పడవ తిరిగి ఒడ్డు తాకగానే ఆ పేర్లు నోట్లోనే ఆగిపోవాలి. సముద్రపు మాట నేల మీద అంటే, అన్నవాడినో వాడి మనిషినో వెతుక్కుంటూ సముద్రం వస్తుందని పెద్దలు చెప్పేవారు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునేవాళ్లు కూడా ఇది చెప్పేవారు. నమ్ముతావా అంటే ఎవరూ నమ్మరు. తప్పుతావా అంటే ఎవరూ తప్పరు. నోట్లో నువ్వుగింజ నానని ఊరు మాది, ఆ ఒక్క విషయంలో మాత్రం అందరి నోళ్లూ రాళ్లే. తెడ్ల పడవలు పోయి ఇంజన్లు వచ్చాక ఆ మాటలు అనేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి యాస్పుర్ ఒక్కడు మిగిలాడు.

ఆ పేజీలో మాటలు వరసగా ఉన్నాయి. పంతులుకు స్క్రుబ్బి, కత్తికి లప్పితూస్, పిల్లికి గుర్రిన్‌మోర్. ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కోదానికి అయిదేసి భాషల్లో అర్థాలు. ఆధారం ఒక పాత అచ్చు పుస్తకం. యాస్పుర్ చిన్నప్పుడు కోపెన్‌హాగన్ నుంచి మాటలు ఏరుకోవడానికి వచ్చిన ఒక కుర్ర పండితుడు రాసిందట. రన్వా ఆ రోజు పని కాగానే యాస్పుర్ ఇంటికి వెళ్లింది.

యాస్పుర్ వంటగదిలో కిటికీ పక్కన కూర్చుని, గాలికి ఎండిన గొర్రె మాంసాన్ని పల్చగా కోసుకుంటున్నాడు. కూతురు మార్యున్ కాఫీ పోసింది.

"పంతులుకి ఏం రాశాడన్నావు?" అన్నాడు ముసలాయన.

"స్క్రుబ్బి."

ఆయన చేతిలో కాఫీ తొణికింది. నవ్వుతూ దగ్గి, దగ్గుతూ నవ్వి, కూతురు వీపు నిమిరితే గానీ కుదుటపడలేదు.

"అది మా పొట్టేలు పేరే అమ్మాయ్. మహా మొండిఘటం. ఆ పండితుడు జోరు వానలో కొండ దాటి నడుచుకుంటా వచ్చాడు. ఇదిగో, నువ్వు కూచున్న చోటే కూచుని, మీ పడవ మాటలు చెప్పండయ్యా అన్నాడు. నేల మీద చెప్పకూడదాయె. అంత తడిసొచ్చిన మనిషిని ఒట్టి చేతుల్తో ఎట్టా పంపిస్తాం? అందుకని మా నాన్న నోటికొచ్చింది చెప్పాడు. ఆయన ఒక్కోటీ రాసుకుంటంటే మా అమ్మ నవ్వాపుకోలేక గొర్రెల దొడ్లోకి పారిపోయింది."

"మరి లప్పితూస్?"

"మా చంటోడు జావని అట్టా అనేవాడు."

"గుర్రిన్‌మోర్?"

"మా అమ్మ మేనత్తని చాటుగా అట్టా పిలిచేవాళ్లం. మీసాలుండేవి ఆవిడకి."

మార్యున్ కూడా నవ్వింది. "ఈ కథ మాకు ప్రతి చలికాలం ఉండేది రన్వా. ముందు తాత చెప్పేవాడు, ఆయన పోయాక నాన్న. ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు."

రన్వా కూడా నవ్వింది గానీ ఆమె నవ్వు పెదాల దగ్గరే ఆగింది. ఒక పొట్టేలు పేరు, ఒక చంటివాడి ముద్దుమాట ఇప్పుడు అయిదు భాషల అర్థాలతో లోకానికి మా ఊరి భాషగా చలామణి అవుతున్నాయి. ఏకు మేకైందంటే ఇదే.

"అసలు మాటలేంటి బాబాయ్?"

ముసలాయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అవి పడవలోవి," అన్నాడు.

మర్నాడు ఆమె నిఘంటువులో రాసింది, ఆ మాటలన్నీ అబద్ధాలని, అతిథిని నొప్పించకుండా చెప్పిన వేళాకోళాలని. ఆ పేజీ బాగోగులు చూసే వౌటర్ అనే బెల్జియం ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. మీ మాట నమ్ముతున్నాను, కానీ విన్నదాన్ని బట్టి అచ్చులో ఉన్నదాన్ని తీసేయలేను. మాట్లాడేవాళ్లు ఒక్కరే మిగిలిన చోట ఒక్క గొంతైనా చాలు, అసలు మాటలు ఆయన గొంతుతో వినిపించండి, ఈ పేజీ మొత్తం నేనే తుడిచేస్తాను అన్నాడు. అతను తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమైతే ఆమె తిట్టుకుని ఊరుకునేది. అతను చెప్పింది సబబుగా ఉంది, ఆమెకు మండింది అందుకే. వినికిడి మాటలు చేర్చకూడదనే ఆ నియమం కోసం ఆమె కూడా ఒకప్పుడు గట్టిగా వాదించింది.

దాంతో రన్వా యాస్పుర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పెరటి రేవుచిన్ని కాడల జామ్ పట్టుకెళ్లింది, ఊలు మేజోళ్లు అల్లి ఇచ్చింది. ఆయన జామ్ తిన్నాడు, మేజోళ్లు తొడుక్కున్నాడు, మాట మాత్రం అనలేదు. ఒక మధ్యాహ్నం మార్యున్ కొట్టుకు వెళ్లినప్పుడు తనంతట తనే చెప్పాడు.

"మా అన్న హానుస్ ఒకసారి భోజనాల దగ్గర, అమ్మని నవ్వించాలని, కత్తి ఇటివ్వు అనడానికి పడవ మాట వాడాడు. అమ్మ నవ్వలేదు. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ శరత్కాలమే వాడు నీళ్లలో పోయాడు. నీళ్లలో పోయినవాళ్లు ఊరినిండా ఉన్నారు, నాకు తెలుసు. నేను నమ్మనమ్మాయ్. కానీ అనను."

మేజోడు పైకి లాక్కున్నాడు. కాసేపటికి ఆయనే అన్నాడు. "పడవ దింపండి. నీళ్ల మీదయితే ఎన్నయినా అంటా."

"ఫోన్‌లో పట్టుకుని నేల మీదికి తెస్తాను మరి. పర్లేదా?"

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యంత్రానికి చుట్టాలా పక్కాలా? సముద్రం దాన్నేం చేసుకుంటుంది?"

ఆయన గుండెకు పడవలూ గాలీ పనికిరావని డాక్టరు చెప్పాడు. మార్యున్ గొడవపెట్టింది. ముసలాయన పట్టిన పట్టు విడవలేదు. ఇంజను పడవలో ఆ మాటలు చెల్లవని ఇంకో మెలిక కూడా పెట్టాడు. పాకలో ఏళ్ల తరబడి ఎండిన తెడ్ల పడవను ఆడవాళ్లిద్దరూ కిందికి లాగి, చెక్కలు ఉబ్బి అతుకులు మూసుకునేదాకా నీళ్లలో నానబెట్టారు. తర్వాత గాలి తగ్గడం కోసం ఎదురుచూశారు. ఇక్కడ గాలి తగ్గడమంటే మాటలా? త్రోందుర్ ఫోన్ చేసినప్పుడల్లా, "ఏం, ముసలాయన మాటలు పొదిగాడా లేదా?" అని అడిగేవాడు. రన్వా ఈలోగా పేజీ సిద్ధం చేసుకుంది. ప్రతి అసలు మాటకూ ఒక ఖాళీ గడి, పక్కన అయిదు భాషల గడులు.

మే నెలలో ఒక పొద్దున సముద్రం పళ్లెంలో పోసిన పాలలా నిలిచింది. యాస్పుర్‌కు రెండు ఊలు చొక్కాలు తొడిగి, దుప్పటి చుట్టి, పడవలో వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. రన్వా, మార్యున్ తెడ్లు పట్టుకున్నారు. పడవ అడుగు గులకరాళ్లను వదలగానే ఆయన వీపు నిటారయింది. ఇంట్లో గ్లాసు ఎత్తితే వణికే మనిషి, అక్కడ పెత్తనం మొదలుపెట్టాడు.

"తెడ్లు కలపండి. గంజిలో గరిటె తిప్పినట్టు ఏంటది? మా నాన్న చూస్తే మిమ్మల్నిద్దర్నీ ఎరగా గుచ్చేవాడు."

"మాటలు చెప్పడానికొచ్చావా, తిట్టడానికొచ్చావా నాన్నా?" అంది మార్యున్.

"తిట్లు కూడా పడవలో వేరేవే ఉన్నాయి. ఆగు, చెప్తా."

నల్లరాతి తిప్ప దాటాక రన్వా తెడ్డు లోపలికి తీసి, ఫోన్ ఆయన ముందు పట్టుకుంది. యాస్పుర్ జేబులోంచి కత్తి తీశాడు. తెరిచి, ఎండలో పైకెత్తి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

"లప్పితూస్," అన్నాడు.

తనే నవ్వాడు. "కాదు కాదు. అది నాన్న వేళాకోళం. ఆగు." మళ్లీ కత్తి వైపు చూశాడు. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు. "పోనీ పిల్లి నుంచి మొదలెడదాం. గుర్రిన్... కాదు." దుప్పటి కిందికి జారింది. "నాలిక చివర్నే ఉంది. మాట్లాడించకండి నన్ను."

 పడవ పక్కన నీళ్లు చప్పరించే చప్పుడు ఫోన్‌లోకి ఎక్కుతోంది.

చర్చి గోపురం కొండ వెనక దాక్కునే చోటికి పోనివ్వమన్నాడు. వాళ్ల నాన్న గాలాలు వేసే చోటు అది. అక్కడికి పోయారు. ముసలాయన కళ్లు మూసుకుని, నాన్న ముందు బల్ల మీద, హానుస్ నడిమి బల్ల మీద కూచున్నట్టు చేయి చూపించాడు. ఒక్కొక్కరి వైపూ తిరిగి, వాళ్లేదో అందిస్తారన్నట్టు తల వంచి విన్నాడు. అప్పుడు మళ్లీ అన్నాడు. స్క్రుబ్బి. లప్పితూస్. గుర్రిన్‌మోర్. అన్న ప్రతిసారీ పిడికిలితో పడవ అంచు మీద కొట్టాడు.

రన్వాకు అప్పుడు అర్థమైంది. అబద్ధపు మాటలకు అడ్డు లేదు. ఇంట్లో, పొయ్యి పక్కన, పిల్లల నడుమ ఏటేటా చెప్పుకున్నారు, నవ్వుకున్నారు, అవి నాలుక మీద నిలిచాయి. అసలు మాటలను భద్రంగా దాచాడు. చివరి తెడ్ల పడవ ఒడ్డెక్కాక వాటిని ఒక్కసారైనా బయటికి తియ్యలేదు. ఆయన మాట తప్పని మనిషి, మాటలు పోయింది అందువల్లే. ఇప్పుడు పడవ దింపడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒక్క పదేళ్ల ముందు తనకు ఈ ఆలోచన వచ్చి ఉంటే అనుకుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఎప్పుడు కిందికి దిగిందో ఆమెకు తెలియలేదు.

"తిప్పండి," అన్నాడు యాస్పుర్. ఒడ్డు చేరేదాకా తెడ్ల గురించి ఒక్క వంక పెట్టలేదు.

ఆ వారమే ఆయన మంచం పట్టాడు. గుండెలో నీరు చేరిందన్నారు. నాన్న రమ్మంటున్నాడని మార్యున్ ఫోన్ చేస్తే రన్వా పని మధ్యలోనే వెళ్లింది. దిండ్ల మీద ఆనుకుని, కిటికీలోంచి నీళ్లను చూస్తున్నాడు.

"రాసుకో అమ్మాయ్," అన్నాడు. "పుస్తకంలో ఉన్నవే. అవే ఒప్పు."

"బాబాయ్, పొట్టేలు పేరది. నువ్వే చెప్పావు."

"పొట్టేలు చచ్చి ఎంత కాలమయింది? అవి తప్పని చెప్పగలిగినోణ్ణి నేనొక్కణ్ణే. నేనే ఒప్పంటున్నా. ఇంక కాదనేదెవడు?"

"ఖాళీగా వదిలేద్దాం. తెలియనిది ఖాళీగానే ఉండాలి. నేనెప్పుడూ..." 

"ఖాళీయా?" ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "ఖాళీ అంటే ఏంటో తెలుసా నీకు? మా నాన్న, హానుస్, నేను, బతుకంతా ఆ పడవలో నోరు మూసుక్కూచున్నామని."

 జీవితంలో ఒక్క తప్పు మాట కూడా చేర్చని మనిషి, ఫోన్ తీసి దుప్పటి మీద పెట్టింది. మార్యున్ గుమ్మంలో నిలబడి తల పక్కకు తిప్పుకుంది.

యాస్పుర్ గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. పంతులు, స్క్రుబ్బి. కత్తి, లప్పితూస్. భయం లేకుండా, నేల మీద, తన మంచంలో ఒక్కొక్కటే చెప్పుకుపోతున్నాడు. పొట్టేలు పేరు చెబితే సముద్రం ఎందుకు వస్తుంది? రన్వా కళ్లు తుడుచుకుంటూ వింటోంది. ఆయన తలుపంత వెడల్పు ఉండే హాలిబట్ చేప దగ్గరికి వచ్చాడు. చేతులు రెండూ చాపి ఆ చేప ఎంతుంటుందో చూపిస్తూ ఒక మాట అన్నాడు.

అది పుస్తకంలో లేని మాట. పొట్టిగా, మెత్తగా, ఊపిరి వదిలినట్టు ఉంది. దాన్ని నేనిక్కడ రాయను. నాకు తెలియదు, తెలిసినా రాయను.

యాస్పుర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల పైనుంచి ఆయన కళ్లు కిటికీ వైపు, తర్వాత రన్వా వైపు చూశాయి. అంత భయం ఆమె ఏ మనిషి కళ్లలోనూ చూడలేదు.

"చెరిపెయ్," అన్నాడు.

"బాబాయ్, ఇదే కదా అసలుది. ఇన్నాళ్లూ దీని కోసమే కదా."

"నీ మొగుడెక్కడున్నాడు?"

"గ్రీన్‌లాండ్ పక్కన."

"నేల మీద అన్నానమ్మాయ్. నువ్వు విన్నావు, నీ మనిషి నీళ్ల మీదున్నాడు. చెరిపెయ్."

రన్వా నమ్మదు. సముద్రానికి చెవులున్నాయని నమ్మే ఆడది కాదు ఆమె. ఉప్పు ఎంతో, ఆక్సిజన్ ఎంతో రోజూ అంకెల్లో చూసే మనిషి. వౌటర్‌కు ఈ ఒక్క గొంతు చాలు, ఒక్క గడి నిండుతుంది, ఆ ఒక్కదాని ఆసరాతో మిగతా అబద్ధాలను తీయించవచ్చు. ఇదంతా ఆమెకు ఒక్క క్షణంలో తోచింది. అదే క్షణంలో మంచు పట్టిన ఓడ అంచు మీద ఒంగి తాడు లాగుతున్న త్రోందుర్ కూడా కళ్ల ముందుకొచ్చాడు. తన బొటనవేలు కదలడం ఆమె చూస్తూనే ఉంది. ఆపాలనుకుంది. ఫోన్ తెర ఖాళీ అయింది. ముసలాయన తెర తన వైపు తిప్పించుకుని చూశాడు.

"మర్చిపో," అన్నాడు.

"మర్చిపోతాను."

ఆయన అప్పుడు కళ్లు మూసుకున్నాడు. మార్యున్ దుప్పటి సర్దింది.

రన్వా మేత గదికి తిరిగి వచ్చేసరికి వౌటర్ నుంచి కబురుంది. రికార్డింగ్ ఏమైనా దొరికిందా, తొందరేమీ లేదు అని. లేదు అని రాసింది. ఆ మాటకు ఆధారం అడిగే గడి లేదు కాబట్టి ఆ జవాబు వెంటనే వెళ్లిపోయింది. పేజీలో స్క్రుబ్బి అలాగే ఉంది. ఈలోగా పోలిష్ అర్థం కూడా ఎవరో చేర్చారు. ఆమె సిద్ధం చేసుకున్న ఖాళీ గడులను ఒక్కొక్కటే తీసేసింది. హాలిబట్ గడి దగ్గర చాలాసేపు కూర్చుని, దాన్ని కూడా తీసేసింది.

ఫోన్ మోగింది, త్రోందుర్. గాలి హోరులో గొంతు తెగి తెగి వస్తోంది.

"ఏం, ముసలాయన ఒక్క మాటన్నా చెప్పాడా?"

ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. మర్చిపోవడం ఆమె తరం కావడంలేదు. అతనున్నది నీళ్ల మీద, తానున్నది నేల మీద.

"లేదు," అంది. "గాలెట్లా ఉందక్కడ?"

"మామూలే."

"నిజంగా మామూలేనా?"

"ఇన్నేళ్ల కాపురంలో గాలి గురించి ఎప్పుడూ అడగలేదు. ఏంటివాళ కొత్తగా?" అని త్రోందుర్ నవ్వడం మొదలుపెట్టాడు. రన్వా పెదాలు బిగబట్టి, సిగ్నలు పోయేదాకా ఆ నవ్వు విన్నది.